జత లేని కప్లర్లు

మా వదిన పాత కారు కొన్నది. మారుతి 800. తెల్ల రంగు. 2008 మోడల్.

వదిన వాళ్ళ పొదుపు సంఘంలో నలుగురు ఆడవాళ్ళు కలిసి పచ్చళ్ళు పెడతారు. వారానికి రెండుసార్లు విజయవాడ షాపులకి సరుకు వేయాలి. వచ్చిన లాభంలో సగం ఆటో కిరాయికే పోతున్నది. "ఆ కిరాయి డబ్బుతో అప్పు వాయిదా కట్టుకోవచ్చు కదా" అని వదిన లెక్క వేసింది. డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు తెచ్చుకుంది. సంఘంలో 60 వేలు అప్పు తీసి ఈ కారు కొన్నది.

ఒక నెల బాగానే నడిచింది. ఒకరోజు రైలు గేటు పడింది. వదిన కారు ఆపింది కానీ ఇంజను ఆపలేదు. గేటు తీసేసరికి పది నిమిషాలయింది. మీటరులో ఇంజను వేడి చూపే ముల్లు ఉంటుంది కదా, అది మెల్లగా పైకి పాకి ఎర్ర గీత దగ్గరికి పోయింది. బానెట్ సందులోంచి ఆవిరి వచ్చింది. వెనకాల బస్సువాడు ఒకటే హారను. డిక్కీలో 40 సీసాల ఆవకాయ.

వదిన ఇంజను ఆపేసింది. పక్కనున్న కుర్రాళ్ళు కారును రోడ్డు పక్కకి నెట్టారు. ఒకడు నీళ్ళు పోద్దామని రేడియేటరు మూత మీద చెయ్యి వేశాడు. "తియ్యకు నాయనా!" అని వదిన అరిచింది. మంచి పని చేసింది. వేడి మీద ఆ మూత తీస్తే సలసల కాగే నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. పూర్తిగా చల్లారేదాకా దాన్ని ముట్టుకోకూడదు.

మర్నాడు టౌనులో ఒక మెకానిక్కుకి చూపించింది. అతను బానెట్ ఎత్తి చూశాడు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూశాడు.

"అమ్మా, వైర్లన్నీ ఊడిపోయి వేలాడుతున్నాయి. వైరింగు మొత్తం మార్చాలి. 14 వేలవుతుంది."

"ఎన్ని ఊడాయి బాబూ?"

"చాలా ఉన్నాయమ్మా."

"చాలా అంటే ఎన్ని?"

అతను చెప్పలేదు. వదిన కారు తిప్పుకుని ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రం టార్చి లైటు పట్టుకుని మేమిద్దరం లెక్కపెట్టాం. ఆరు. వదిన నోటుబుక్కు తీసి 1 నుంచి 6 దాకా అంకెలు వేసుకుంది. ఏది ఎక్కడ ఉందో ఎదురుగా రాసింది.

కప్లరు అంటే ఏమిటి?

కారులో దీపాలు, హారను, వైపరు, ఫ్యాను అన్నీ కరెంటుతో పనిచేస్తాయి. బ్యాటరీ నుంచి వాటికి కరెంటు తీసుకుపోయేది వైరు. ఒక వైరుకి ఇంకో వైరు కలిపే ప్లాస్టిక్ ముక్క కప్లరు. మన ఇంట్లో ప్లగ్గు, సాకెట్టు ఉన్నట్టే దీనికీ రెండు సగాలుంటాయి. ఒక సగంలో ఇత్తడి పిన్నులుంటాయి. రెండో సగంలో ఆ పిన్నులు దూరే గదులుంటాయి. రెండూ నొక్కితే 'టక్' మని పట్టుకుంటాయి. ఊడకుండా చిన్న నాలుక లాంటిది అడ్డం ఉంటుంది.

ఒక సంగతి గమనించండి. ఇంట్లో బల్బుకి రెండు వైర్లుంటాయి. కారులో చాలా చోట్ల ఒకటే వైరు వచ్చినట్టు కనపడుతుంది. మరి కరెంటు తిరిగి ఎలా పోతుంది? కారు ఇనుప బాడీలోంచి పోతుంది. బ్యాటరీ మైనస్ కొసని బాడీకి బిగించి ఉంచుతారు. దీన్నే బాడీ ఎర్తు అంటారు. ఈ మాట గుర్తుంచుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

ఊడిపోయినవన్నీ పాడైనవేనా?

కాదు. వేలాడే కప్లరు చూడగానే "అయ్యో, ఏదో ఊడింది" అనుకుంటాం. పాత కారులో కప్లరు ఊరికే వేలాడటానికి చాలా కారణాలుంటాయి.

కంపెనీవాళ్ళు ఒకే కారుని రెండు మూడు రకాలుగా అమ్ముతారు. ఏసీ ఉన్నది, లేనిది. వెనక వైపరు ఉన్నది, లేనిది. ఒక్కో రకానికి వేరే వైరింగు చేస్తే వాళ్ళకి ఖర్చు. అందుకని చాలాసార్లు ఒకే వైరింగు అన్నిటిలో వేసేస్తారు. ఆ వస్తువు లేని కారులో దాని కప్లరు ఖాళీగా ఉండిపోతుంది. కొత్తదిగా ఉన్నప్పుడే దానికి జత లేదు. ఇల్లు కట్టేటప్పుడు ఎప్పటికైనా ఏసీ పెట్టుకుందామని గోడలో పాయింటు వదిలేస్తారు చూడండి, అలాగన్నమాట.

మెకానిక్కులు పరీక్ష చేసుకోవడానికి ఒక కప్లరు ఉంటుంది. కంప్యూటరు పెట్టి ఇంజను జబ్బు చూస్తారు కదా, దానికి. మిగతా రోజుల్లో అది ఖాళీయే.

పాత ఓనరు ఏదైనా సొంతంగా పెట్టించుకుని ఉండవచ్చు. పాటల పెట్టె, దొంగల అలారం, పొగమంచు లైట్లు. అమ్మేటప్పుడు అవి పీక్కుపోతాడు. వైరు మాత్రం మనకి వదిలేస్తాడు.

ఇక ఆఖరి కారణం. ఏదో పాడైంది, బాగుచేయించడానికి డబ్బు ఖర్చని కావాలనే ఊడదీసి వదిలేశారు. అసలు భయపడాల్సింది దీనికే. ఎందుకంటే పైకి చూస్తే ఇదీ మిగతా వాటిలాగే ఉంటుంది.

చెయ్యి పెట్టే ముందు

మా ఊళ్ళో ఒక పెద్దాయన ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు కారు వైరింగు పని చేసి వచ్చారు. అందరం 'భాయ్' అంటాం. వదిన ఆయన్ని పిలుచుకొచ్చింది.

ఆయన కారు వైపు కూడా చూడలేదు. ముందు వదిన చేతుల వైపు చూశారు.

"అమ్మా, ఆ బంగారు గాజులు, ఉంగరం తీసి లోపల పెట్టు. పుస్తెలతాడు జాకెట్టు లోపలికి వేసుకో. కొంగు దోపుకో."

ఎందుకో చెప్పారు. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. కారు బ్యాటరీ 12 వోల్టులే. ముట్టుకుంటే షాకు కొట్టదు. కానీ బ్యాటరీ ప్లస్ కొసకీ కారు బాడీకీ మధ్య గాజు గానీ గొలుసు గానీ అడ్డం పడితే వందల ఆంపియర్ల కరెంటు ఒక్కసారిగా దానిలోంచి పారుతుంది. లోహం ఎర్రగా కాలిపోతుంది. చేతికి ఉన్న గాజు చేతికే అతుక్కుంటుంది. కొంగు సంగతి మీకు తెలుసు. ఇంజను తిరిగేటప్పుడు బెల్టులో, ఫ్యానులో పడితే మనిషినే లాక్కుపోతుంది. కొన్ని కార్లలో తాళం తీసేశాక కూడా ఫ్యాను దానంతటదే తిరుగుతుంది.

ఇంకో మాట. అదే ఇంజనులో స్పార్కు ప్లగ్గులకి పోయే లావు వైర్లుంటాయి. వాటిలో వేల వోల్టులుంటాయి. ఇంజను నడుస్తుంటే వాటి జోలికి పోకూడదు. కొత్త కార్లలో పసుపుపచ్చ కప్లర్లు కనపడితే అసలు ముట్టుకోకూడదు. అవి ఎయిర్ బ్యాగువి. గుద్దుకున్నప్పుడు బుడగలా పొంగే సంచి అది. తప్పుగా కరెంటు ఇస్తే మొహం మీదే పేలుతుంది. వదిన కారులో ఎయిర్ బ్యాగు లేదు.

రెండు వైర్ల బల్బు

భాయ్ సంచిలోంచి ఒక చిన్న బల్బు తీశారు. 12 వోల్టులది. దానికి రెండు వైర్లు. ఒక వైరు కొసకి క్లిప్పు, రెండో దానికి సూది. దీన్ని టెస్టు ల్యాంపు అంటారు.

క్లిప్పుని రంగు లేని బోల్టుకి తగిలించారు. అంటే బాడీ ఎర్తు. సూదిని బ్యాటరీ ప్లస్‌కి తగిలించారు. బల్బు వెలిగింది. "ముందు బల్బు మంచిదో కాదో చూసుకోవాలి. లేకపోతే చచ్చిన బల్బు పట్టుకుని వైరులో కరెంటు లేదనుకుంటాం" అన్నారు. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే నిజమే అనిపించింది.

ఇప్పుడు వేలాడే కప్లరు గదిలో సూది పెట్టాలి. వదిన తాళం చెవి దగ్గర కూర్చుంది. భాయ్ చెప్పినట్టు ఒక్కొక్కటే చేసింది. తాళం లేకుండానే బల్బు వెలిగితే ఆ వైరుకి బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు వస్తున్నట్టు. తాళం తిప్పితేనే వెలిగితే తాళం దారిలో వచ్చే కరెంటు. హెడ్‌లైటు వేస్తే వెలిగితే దీపాలకి సంబంధించినది. బ్రేకు తొక్కితే వెలిగితే బ్రేకు లైటుది. రివర్సు గేరు వేస్తే వెలిగితే వెనక తెల్ల దీపానిది. వెలిగి ఆరి, వెలిగి ఆరితే ఇండికేటరుది. ఏం చేసినా వెలగకపోతే అది ఎర్తు అయినా కావచ్చు. అప్పుడు క్లిప్పుని బాడీ నుంచి తీసి బ్యాటరీ ప్లస్‌కి పెట్టి మళ్ళీ సూది పెట్టాలి. ఈసారి వెలిగితే అది ఎర్తే.

కంప్యూటరు పెట్టెకీ, దాని సెన్సార్లకీ పోయే సన్నటి వైర్లకి మాత్రం ఈ బల్బు పెట్టకూడదట. కంప్యూటరు పాడైపోవచ్చు. దానికి మీటరు వాడాలి. వదిన కారులోనూ ఇంజను కంప్యూటరు ఉంది. అందుకని ఏ కప్లరుకి సూది పెట్టాలో, దేనికి పెట్టకూడదో భాయ్ ముందు చూసి చెప్పేవారు.

ఆరు కప్లర్లు

ఒకటోది పాటల పెట్టె ఉండాల్సిన కన్నం వెనక ఉంది. పసుపు వైరు ఎప్పుడూ వెలిగించింది. ఎర్ర వైరు తాళం తిప్పితే వెలిగించింది. నల్లది ఎర్తు. బయట షాపుల్లో బిగించే పాటల పెట్టెలకి రంగులు మామూలుగా ఇవే. పాత ఓనరు సెట్టు తీసుకుపోయాడు, అంతే.

రెండోది డిక్కీలో. రెండే వైర్లు. ఒకటి తెలుపు, ఒకటి తెలుపు మీద నల్ల గీత. ఏం చేసినా బల్బు వెలగలేదు. భాయ్ ఆ రెండు వైర్ల కొసలూ కలిపి పట్టుకోమని నాతో చెప్పి, ముందుకి పోయి పాటల పెట్టె గుత్తిలో ఉన్న తెల్ల వైర్లకి టార్చి సెల్లు, టార్చి బల్బు తగిలించారు. టార్చి బల్బు వెలిగింది. నేను వైర్లు విడదీస్తే ఆరిపోయింది. అంటే ఆ కొస, ఈ కొస ఒకటే. స్పీకరు వైరు. 14 వేల వైరింగులో రెండు కప్లర్లు పాటలవేనని తేలింది.

మూడోది డ్రైవరు కాళ్ళ దగ్గర. పిన్నులు కొత్త నాణెంలా మెరుస్తున్నాయి. వైర్లకి కంపెనీ చుట్టిన చుట్టే ఉంది. జత సగం ఎంత వెతికినా లేదు. భాయ్ చూడగానే "ఇది మా పరీక్షల కప్లరు. దీన్ని ఇలాగే ఉండనివ్వాలి" అన్నారు. దీనికి సూది పెట్టనివ్వలేదు.

నాలుగోది చూసి ఆయన మొహం మారిపోయింది. లావాటి ఎర్ర వైరు. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా వస్తున్నది. మధ్యలో ఫ్యూజు లేదు. ఇంజను గదికీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉన్న రేకుకి ఎవరో కన్నం పొడిచి దానిలోంచి లాగారు. ఆ కన్నానికి రబ్బరు వాషరు లేదు. రేకు అంచుకి రాసుకుని రాసుకుని వైరు తొడుగు సగం కోసుకుపోయింది. లోపలి రాగి తీగ రేకుని తాకిన రోజు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫ్యూజు ఉంటే అది కాలి కరెంటు ఆగేది. ఇక్కడ ఆపేవాడు లేడు. వైరే నిప్పుకణిక అవుతుంది. పొగమంచు లైట్ల కోసం ఎప్పుడో వేసిన వైరట అది. నెలరోజులుగా వదిన కాళ్ళ పక్కనే ఉంది.

భాయ్ ముందు బ్యాటరీ మైనస్ కొస విప్పారు. ఎప్పుడూ మైనస్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. అలా చేస్తే పానా పొరపాటున బాడీకి తగిలినా నిప్పు రాదు. ఆ తర్వాత ఆ ఎర్ర వైరుని మొత్తం లాగి పారేశారు.

నేను చేయబోయిన తప్పు

ఐదోది రేడియేటరు పక్కన ఉంది. దీనికి మాత్రం రెండు సగాలూ కళ్ళముందే ఉన్నాయి. ఒకటి ఫ్యాను నుంచి, ఒకటి వైరింగు నుంచి. జానెడు దూరంలో విడివిడిగా వేలాడుతున్నాయి. లెక్కపెట్టిన సాయంత్రమే నేను, "వదినా, ఇది జతే! నొక్కేస్తే అయిపోతుంది" అని చెయ్యి పెట్టబోయాను. వదిన ఆపింది. "ఉండవే అమ్మాయ్. ఎందుకు ఊడదీశారో తెలియకుండా ఎట్లా కలుపుతాం?"

మైనస్ విప్పే ఉంది కాబట్టి భాయ్ ఫ్యాను రెక్కని చేత్తో తిప్పి చూశారు. కదల్లేదు. బిగుసుకుపోయింది. కప్లరు లోపల టార్చి వేసి చూపించారు. ఒక పిన్ను నల్లగా మాడింది. చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కొంచెం కరిగింది.

"ఫ్యూజు డబ్బా చూద్దాం పదమ్మా" అన్నారు. డ్యాష్‌బోర్డు కింద ఉంది అది. మూత మీద ఇంగ్లీషు అక్షరాలు. వదినకి ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు కదా. మూత మీద ఉన్న అంకెలూ, లోపలి ఫ్యూజుల మీద ఉన్న అంకెలూ ఒక్కొక్కటే వేలుపెట్టి పోల్చి చదువుతూ పోయింది. ఎరుపు ఫ్యూజు 10. నీలం 15. పసుపు 20. ఒకచోట ఆగింది.

"భాయ్, మూత మీద 15 అని ఉంది. లోపల ఆకుపచ్చది ఉంది. దాని మీద 30 అని ఉందేంటి?"

భాయ్ వంగి చూసి, "నాకంటే ముందు నువ్వే పట్టేశావమ్మా" అన్నారు.

ఇప్పుడు జరిగింది అర్థమైంది. ఫ్యాను మోటారు బిగుసుకుంది. తిరగలేని మోటారు మామూలు కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. 15 ఫ్యూజు కాలిపోయింది. కొత్తది వేస్తే మళ్ళీ కాలింది. ఎవరో విసుగొచ్చి 30 వేశారు. ఈసారి ఫ్యూజు కాల్లేదు, కప్లరు మాడింది. అప్పుడు కప్లరు ఊడదీసి, కారు అమ్మేశారు.

రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలే రేడియేటరుని చల్లబరుస్తుంది. అందుకని నెలరోజులు మాకేమీ తెలియలేదు. గేటు దగ్గర ఆగితే గాలి లేదు, ఫ్యానూ లేదు. నేను ఆ రోజు 'టక్' మని కలిపేసి ఉంటే? ఫ్యాను తిరిగేది కాదు. 30 ఫ్యూజు ఆపేదీ కాదు. వైరు కాలేది. నాకు ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఆటోనగర్‌లో పాత మోటారు ఒకటి దొరికింది. తిప్పి చూసి, బ్యాటరీ పెట్టి చూసి కొన్నాం. కొత్త కప్లరు, 15 ఫ్యూజు, భాయ్ కూలితో కలిపి 2,600 అయింది.

ఆరోది ముందు బంపరు వెనక ఉంది. రెండు పిన్నులు, మెరుస్తున్నాయి. కంపెనీ చుట్టే. బల్బు ఎలా పెట్టినా వెలగలేదు. దీపాలన్నీ పనిచేస్తున్నాయి, హారను మోగుతున్నది, వైపరు తిరుగుతున్నది. భాయ్‌కి కూడా తెలియలేదు. నీళ్ళు పడకుండా టేపు చుట్టి, ఊగకుండా పక్క వైర్లకి కట్టేశారు.

వదిన చీటీలు

ఆ రాత్రి వదిన గాయాలకి వేసే తెల్ల ప్లాస్టరు ముక్కలు కత్తిరించింది. బాల్‌పెన్నుతో రాసి ఒక్కో వైరుకి చుట్టింది.

"1. పాటల పెట్టె. పసుపు వైరులో ఎప్పుడూ కరెంటు."
"2. స్పీకరు."
"3. మెకానిక్కు పరీక్షకి. కదపొద్దు."
"5. ఫ్యాను. ఫ్యూజు 15 మాత్రమే."
"6. తెలియదు."

నాలుగో చీటీ లేదు. ఆ వైరు చెత్తకుప్పలో ఉంది.

మొన్న మళ్ళీ అదే గేటు పడింది. నేనూ కారులో ఉన్నాను. వదిన కావాలనే ఇంజను ఆపలేదు. ముల్లు మెల్లగా లేచింది. సగానికి వచ్చింది. సగం దాటింది. ఇద్దరం మాట్లాడకుండా దాని వైపే చూస్తున్నాం. ముందు నుంచి 'గుర్ర్' మని చప్పుడు వచ్చింది. ఫ్యాను. రెండు నిమిషాలు తిరిగి ఆగింది. ముల్లు కిందికి దిగింది.

మీరు చెప్పండి

ఒక పాత కారులో మూడు కప్లర్లు వేలాడుతున్నాయి. మొదటిదానికి టెస్టు ల్యాంపు పెడితే వెలిగి ఆరి, వెలిగి ఆరుతున్నది. రెండోది తాళం లేకుండానే వెలిగిస్తున్నది. దాని వైరు కొత్తగా నల్ల టేపుతో చుట్టి ఉంది. మూడోది పసుపుపచ్చగా సీటు కింద ఉంది. ఏది దేనిదో ఊహించి నోటుబుక్కులో రాయండి. వీటిలో దేన్ని ముట్టుకోకూడదు? దేనికి ఫ్యూజు ఉందో లేదో ముందు వెతకాలి?